నలుగురున్న ఇంటికి 240 లీటర్ల ఫ్రిజ్ చాలదా?

మియాపూర్ అద్దెవాసి:
పదకొండేళ్ల సింగిల్ డోర్ ఫ్రిజ్, 190 లీటర్లది, పోయిన వారం కన్నుమూసింది. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. మా అత్తగారు ఏడాదికి నాలుగు నెలలు మాతోనే ఉంటారు. నేను 240 లీటర్ల డబుల్ డోర్ చాలంటున్నాను. మా ఆవిడ పక్కపక్కనే రెండు నిలువు తలుపులుండే సైడ్ బై సైడే కావాలంటోంది. "పదేళ్లకోసారి కొనేదానికి కూడా పిసినారితనమేనా?" అంటుంది. వంటగదిలో ఫ్రిజ్‌కి వదిలిన చోటు వెడల్పు 27 అంగుళాలు. ఎవరి మాట సరైనదో మీరే చెప్పండి.

గుంటూరు గోంగూర:
మీ ఆవిడ మాటే. తమ్ముడూ, మంచినీళ్ల సీసా కోసం తప్ప నువ్వు ఆ తలుపు తీసినట్టు లేదు. ఆదివారం సాయంత్రం ఒకసారి తీసి చూడు. వారానికి సరిపడా రుబ్బిన దోసెల పిండి గిన్నె, పాలు, పెరుగు, మధ్యాహ్నం మిగిలిన పప్పుచారు, ఆకుకూరలు, తొడిమలు తీసిన పచ్చిమిర్చి డబ్బా. ఇవి కాక కొత్త చింతపండు నల్లబడకుండా ఏడాదికి సరిపడా పెట్టుకుంటాం. మేం ముగ్గురమే, 340 లీటర్లది వాడుతున్నాం. వేలు పెట్టే సందు ఉండదు.

లెక్కల మాస్టారు:
గోంగూర గారూ, చింతపండుకి ఏడాది పొడుగునా కరెంటెందుకండీ? మా అమ్మ ఉప్పు కలిపి జాడీలో పెట్టేది. రేపు ఆవకాయ కూడా ఫ్రిజ్‌లోనే అంటారేమో! మాకు రైతుబజారు ఐదు నిమిషాల నడక. ఐదుగురం 190 లీటర్లలోనే నెట్టుకొస్తున్నాం. పెద్దది కొన్నవాళ్ల ఇళ్లలో చూశాను: నిన్నటి కూర, మొన్నటి కూర, ఎప్పటిదో ఎవరికీ గుర్తులేని కూర.
ఇంకోటి, 3 స్టార్ అని చూసి మోసపోకండి. ఆ స్టార్లు ఫ్రిజ్ సైజును కూడా లెక్కలోకి తీసుకుని ఇచ్చేవి. అందుకే 3 స్టార్ ఉన్న పెద్దది, అదే 3 స్టార్ ఉన్న చిన్నదాని కన్నా ఎక్కువ కరెంటే కాలుస్తుంది. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది, అది చూడండి.

గుంటూరు గోంగూర:
మాస్టారూ, రోజూ ఆ రైతుబజారుకి వెళ్లేదెవరు?

లెక్కల మాస్టారు:
నేనేనండీ, సంచీ పట్టుకుని. ఆకుకూర బాగుచేసేది, రోజుకి రెండుసార్లు వండేది మాత్రం మా ఆవిడ. సరే, ఆ సంగతి నా లెక్కలో వేసుకోలేదు, ఒప్పుకుంటున్నాను.

ఫ్రిజ్ మెకానిక్:
సార్, మొత్తం లీటర్లు చూడకండి, విడగొట్టి చూడండి. 190 సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ పదిహేను లీటర్ల చిల్లర. మిగిలిందంతా కూరగాయలకీ గిన్నెలకీ. 240 డబుల్ డోర్‌లో ఫ్రీజరే యాభై దాటుతుంది. అంటే 50 లీటర్లు పెరిగాయని సంబరపడతారు గానీ, దాదాపు ముప్పాతిక వంతు ఐసుగడ్డల పాలే. పప్పు గిన్నె పెట్టే చోటు మీ పాత ఫ్రిజ్‌లో ఉన్నంతే. చేపలూ రొయ్యలూ నిల్వ పెట్టే ఇల్లయితే ఓకే, లేకపోతే 240 మీకు దండగ.
సైడ్ బై సైడ్ వెడల్పు సుమారు 36 అంగుళాలు ఉంటుంది. మీ 27లో ఎలాగూ పట్టదు. పైగా నిలువునా రెండుగా చీల్చినట్టుంటుంది కదా, వెడల్పాటి పళ్లెం ఫ్రీజర్ వైపు పెట్టలేరు.
గోడ పక్కన పెడితే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. సగమే తెరుచుకుంటే కింద కూరగాయల ట్రే బయటికి రాదు.
ఫ్రాస్ట్ ఫ్రీని, అంటే ఐసు పేరుకోకుండా ఫ్యాన్ గాలితో చల్లబరిచే రకాన్ని, కుక్కి నింపినా తిప్పలే. "గ్యాస్ అయిపోయింది, చల్లబడట్లేదు" అని ఫోన్ చేస్తారు. వెళ్తే వెనక గాలి వచ్చే కన్నాలకి అడ్డంగా పిండి గిన్నె ఉంటుంది. దాన్ని పక్కకి జరిపి, విజిటింగ్ చార్జీ తీసుకుని వచ్చేస్తాను.

డల్లాస్ కోడలు:
ఇక్కడ అపార్ట్‌మెంట్‌తోనే 25 ఘనపుటడుగుల ఫ్రిజ్ వచ్చింది. అంటే 700 లీటర్ల పైమాటే. ఉండేది ఇద్దరం. ఇండియన్ స్టోర్ నలభై నిమిషాల డ్రైవ్, అందుకే కొబ్బరి తురుము, మునక్కాయ ముక్కలు, పరోటాలు ఫ్రీజర్ నిండా. మాస్టారి ఇల్లు రైతుబజారు పక్కనుంది, మాకు లేదు, అంతే తేడా. అయినా కొత్తిమీర మాత్రం వెనక మూలన కుళ్లిపోతూనే ఉంది.

మియాపూర్ అద్దెవాసి:
మెకానిక్ గారి మాట మా ఆవిడకి చదివి వినిపించాను. "పిండి గిన్నె పట్టుకుని పద" అంది. నిజంగానే షాపుకి గిన్నె మోసుకెళ్లాం. సేల్స్ అబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత తనే ప్రతి ఫ్రిజ్‌లో పెట్టి చూపించాడు. 240లో గిన్నె పట్టాలంటే ఒక అర తీసేయాలి. 330లో హాయిగా కూర్చుంది, వెడల్పు 24 అంగుళాలే. సైడ్ బై సైడ్ ఊసు మా ఆవిడ మళ్లీ ఎత్తలేదు, 240 ఊసు నేనూ ఎత్తలేదు. బిల్లు వేయించబోతుంటే అత్తగారు ఫోన్ చేశారు. "ఏదైనా కొను బాబూ, కూరల కోసం నడుం వంచే పని లేకపోతే చాలు" అన్నారు. బిల్లు ఆపేశాం. ఫ్రీజర్ కింద, కూరగాయలు పైన ఉండే రకం ఎవరైనా వాడుతున్నారా?