‘కుట్ర’ అనవలసిన చోటేది, ‘కుమ్మక్కు’ అనవలసిన చోటేది?

కృష్ణాతీరం:
పైకి పోటీదారులుగా కనిపించిన ముగ్గురు గుత్తేదారులు టెండరు ధరను ముందే మాట్లాడుకున్న వైనం మీద ఒక వ్యాసం రాస్తూ దానిని ‘కుట్ర’ అన్నాను. సంపాదకులు ఆ మాట కొట్టివేసి ‘కుమ్మక్కు’ అని మార్చారు. ‘లాలూచీ’ అన్నా సరిపోయేది కదా? ఈ మూడింటికీ నిజంగా తేడా ఉందా? అసలు కుమ్మక్కు తెలుగు మాటేనా?

పాత గుమాస్తా:
సంపాదకులు చేసినది సరైన మార్పే. కుట్ర పన్నేవారు మొదటినుంచీ ఒకే పక్షంవారు కావచ్చు. కుమ్మక్కు అనాలంటే మాత్రం, ఒకరికొకరు పోటీగానో ఎదురుగానో నిలబడవలసినవారు, లేదా ఒకరిపై మరొకరు నిఘా ఉంచవలసినవారు, పైకి అలాగే కనిపిస్తూ లోపల ఒకటై ఉండాలి. అప్పులవాళ్లకు ఆస్తి దక్కకుండా చేయడానికి కొడుకు తండ్రి మీద భాగం దావా వేయడం, తండ్రి ఏ అభ్యంతరమూ చెప్పకుండా డిక్రీ కానివ్వడం దీనికి చక్కని ఉదాహరణ. మోసం వల్లనో కుమ్మక్కు వల్లనో వచ్చిన తీర్పు అని చూపించి దానిని కాదనే వీలు 1872 నాటి సాక్ష్య చట్టం 44వ సెక్షన్‌లోనే ఉండేది. లాలూచీలో ఆశ పాలు ఎక్కువ. మన తరఫు మనిషే ప్రతిఫలం కోసం అవతలివారికి లోపాయికారీగా లొంగిపోతే ఆ మాట అతుకుతుంది.

మదనపల్లె వాసి:
పుట్టుక సంగతి నేను చెబుతాను. ఇది ఉర్దూ ‘కుమక్’ నుంచి వచ్చింది; అక్కడ దానికి సాయమనీ, సైన్యానికి అందే అదనపు బలగమనీ అర్థం, మోసం వాసనే లేదు. మా పొరుగు కన్నడంలో ‘కుమ్మక్కు’ అంటే ప్రోత్సాహం, దన్ను. అడవి ఏనుగులను దారికి తేవడానికి కర్ణాటక 2025లో మన రాష్ట్రానికి ఇచ్చిన కుంకీ ఏనుగుల పేరూ ఆ ‘కుమక్’ నుంచి వచ్చినదే. పాపం, తెలుగులో ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది.

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ‘గుత్తేదారులు అధికారులతో కుమ్మక్కై’ అని వాక్యం మొదలుపెట్టవచ్చునా?

పాత గుమాస్తా:
‘తో’ చేర్చారంటే అధికారుల మీదా నేరం మోపినట్టే. మీ దగ్గర ఉన్న ఆధారం గుత్తేదారుల వరకే అయితే ‘తమలో తాము కుమ్మక్కై’ అని రాయండి. ఊళ్లో మాట కావాలంటే ‘రింగయ్యారు’ అన్నా చాలు, కాని మీ సంపాదకులు దానిని ఉంచుతారని నేననుకోను.