9.3 శాతం శ్లాబులో పడితే జీతమంతటికీ అదే రేటా?

సన్నీవేల్ నుంచి, కొత్తగా వచ్చినవాడు:
అందరికీ నమస్కారం. 2023 డిసెంబరులో హైదరాబాదు నుంచి వచ్చాను. ఇంకా పెళ్లి కాలేదు. ఏడాది జీతం 1,20,000 డాలర్లు. ఆఫీసులో ఒకాయన "నువ్వు 9.3 శాతం శ్లాబులో ఉన్నావు" అన్నారు. గుణించి చూస్తే 11,160 డాలర్లు తేలింది. ఫెడరల్ పన్ను కాక కాలిఫోర్నియాకే ఇంత కట్టాలా? 2024 రిటర్నుకు ఎంత సిద్ధం చేసుకోవాలో ఎవరైనా చెబుతారా?

డాలస్ నుంచి:
తమ్ముడూ, లెక్కలెందుకు? టెక్సాస్ వచ్చెయ్యి. ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. రేపెప్పుడో వేస్తారన్న భయమూ లేదు, 2019లో రాష్ట్ర రాజ్యాంగంలోనే నిషేధం రాసుకున్నారు.

శాన్ హోసే నుంచి:
అబ్బాయి అడిగింది ఊరు మారాలా అని కాదు కదండీ.

బాబూ, మడి నిండాక నీళ్లు పక్క మడికి మళ్లినట్టే ఈ శ్లాబులు కూడా. నిండిన మడిలో రేటు మారదు. ముందు జీతంలోంచి కాలిఫోర్నియా స్టాండర్డ్ డిడక్షన్ 5,540 తీసెయ్యి. ఫెడరల్ రిటర్నులో ఉండే 14,600 ఇక్కడ చెల్లదు, చాలామంది బోల్తా పడేది అక్కడే. మిగిలింది 1,14,460. ఒంటరివాళ్లకు 2024లో మొదటి 10,756 మీద 1 శాతం, అక్కడి నుంచి 25,499 దాకా 2, ఆపైన 40,245 దాకా 4, తర్వాత 55,866 దాకా 6, 70,606 దాకా 8. ఇక్కడికి వచ్చేసరికి పన్ను 3,108 డాలర్ల 72 సెంట్లు. ఆ పైన నీకు మిగిలిన 43,854 మీద మాత్రమే 9.3 శాతం, అంటే 4,078. రెండూ కలిపితే 7,187. ఒక్కొక్కరికి ఇచ్చే 149 డాలర్ల క్రెడిట్ పోతే 7,038. నీ జీతంలో ఆరు శాతం కూడా కాదు.

మన భయానికి కారణం ఇండియా అలవాటు అనుకుంటాను. అక్కడ 2024-25కి కొత్త విధానంలో 7 లక్షల దాకా రిబేటుతో పన్ను సున్నా. దాటిన వెంటనే లెక్క మొదటి నుంచీ మొదలవుతుంది, దాటిన మొత్తాన్ని మించి పన్ను పడనివ్వని మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి బతికిపోతాం. ఇక్కడ ఈ శ్లాబుల్లో అలాంటి గట్టు లేదు. జీతం పెంచుతామంటే వద్దనకు.

ఫ్రీమాంట్ నుంచి:
లెక్క బాగుంది కానీ, తమ్ముడూ, ముందు పేస్లిప్పు చూసుకో. మావారు 2011లో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఇక్కడికి మారారు. అప్పటి కన్సల్టెన్సీ వాళ్లకు కొత్త చిరునామా ఈమెయిల్లో పంపారు, వాళ్లు "అలాగే" అన్నారు. ఏడు నెలల తర్వాత ఒక ఆదివారం వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి సర్దుతుంటే నా కంట పడింది. స్లిప్పులో రాష్ట్రం గడిలో ఇంకా ఎన్‌జే అనే ఉంది! ఏడు నెలల పన్ను న్యూజెర్సీ ఖజానాకు పోయింది. కాలిఫోర్నియాకు ఒక్క డాలరు కూడా లేదు. ఫోను చేస్తే పేరోల్ అమ్మాయి "రిటర్నులో సరి చేసుకోండి" అని తేల్చేసింది. న్యూజెర్సీలో మళ్లీ రిటర్ను వేసి రిఫండు కోసం ఎదురుచూడాలి. ఇక్కడ మాత్రం ఏప్రిల్ 15 లోగా సొంత డబ్బు కట్టాలి. పసుపు కుంకుమల కింద అమ్మ ఇచ్చిన గాజులు అమ్ముకునేదాన్ని, మా అన్నయ్య సర్దాడు కాబట్టి సరిపోయింది. రిటర్ను వెయ్యడానికి అక్టోబరు దాకా గడువు దానంతటదే వస్తుంది. డబ్బు కట్టడానికి మాత్రం రాదు, గుర్తుంచుకో.

డాలస్ నుంచి:
ఇలాంటి బాధలు మాకుండవు.

ఫ్రీమాంట్ నుంచి:
మీ ఇంటి పన్ను బిల్లు కూడా ఇక్కడ పెట్టండి అన్నయ్యా. మాకు 1978 నాటి ప్రొపొజిషన్ 13 అనే చట్టం ఉంది. ఇంటి మదింపు విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు.

ఎడిసన్ నుంచి:
మా న్యూజెర్సీని ఆడిపోసుకోకండి, తప్పు ఆ కన్సల్టెన్సీది. బాబూ, వైద్య ఖర్చుల కోసం దాచుకునే ఖాతా, హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేస్తున్నావా? వేస్తే ఎంత వేస్తే అంత, పన్ను లెక్కకొచ్చే ఆదాయం తగ్గుతుంది.

శాన్ హోసే నుంచి:
ఫెడరల్‌కు తగ్గుతుంది. కాలిఫోర్నియాలో తగ్గదు, మీ న్యూజెర్సీలోనూ తగ్గదు. 3,000 వేస్తే, కంపెనీ ఏటా ఇచ్చే డబ్ల్యూ-2 జీతం కాగితంలో 1వ గడి (ఫెడరల్ లెక్క) కన్నా 16వ గడిలో (రాష్ట్రం లెక్క) 3,000 ఎక్కువ కనబడుతుంది. అది కంపెనీ పొరపాటు అనుకుని పోట్లాటకు వెళ్లినవాణ్ని నేనే. రిటైర్మెంటు పొదుపు ఖాతా 401కేలో వేసేది మాత్రం ఇక్కడా చెల్లుతుంది. పదివేలు వేస్తే పై మడిలోంచే తగ్గుతుంది కాబట్టి 930 డాలర్లు మిగులు. ఆ 9.3 అంకె పనికొచ్చేది ఇలాంటి లెక్కకే.

ఇంకొకటి. బోనస్ వస్తే అందులో రాష్ట్రం కోసం 10.23 శాతం పట్టుకుంటారు. అది ముందు జాగ్రత్తగా పట్టేది, నీ అసలు పన్ను కాదు. ఎక్కువ పట్టినది రిఫండుగా వస్తుంది.

కొత్తగా వచ్చినవాడు:
ఫ్రీమాంట్ అక్కా, ఇప్పుడే స్లిప్పు తీసి చూశాను. రాష్ట్రం గడిలో సీఏ అనే ఉంది, ఊపిరి పీల్చుకున్నాను. దాని కింద ఎస్‌డీఐ అని మరో కోత ఉంది. ఏడాదికి 1,320 డాలర్లు! అది 7,038లోనే ఉందా, వేరుగానా?

శాన్ హోసే నుంచి:
వేరు. 2024లో జీతం మీద 1.1 శాతం, డిడక్షన్లేవీ పోనివ్వరు. ఆ ఏడాది జనవరి నుంచి పై పరిమితి కూడా ఎత్తేశారు. అనారోగ్యంతో సెలవు పెడితే కొంత ఆదాయం ఇచ్చే బీమా అది, శ్లాబులతో పని లేదు.

డాలస్ నుంచి:
చూశారా, పేరు మార్చి ఇంకో పన్ను. ఫ్రీమాంట్ చెల్లెమ్మా, ఆ 2 శాతం మాట ఇల్లు చేతులు మారనంత వరకే. మీ పక్కింటిని ఈ ఏడాది కొన్నవాళ్లను అడిగి, వాళ్ల బిల్లు పెట్టండి. నాది పెడతాను.