'పంచభూతాల్లో కలిసిపోయారు' అనొచ్చా?

ప్రశ్న (గుంటూరు): మా వీధి పెద్దాయన కాలం చేశారు. సంతాపం ఫ్లెక్సీలో 'పంచభూతాల్లో కలిసిపోయారు' అని రాయిస్తుంటే డిగ్రీ చదివే మా అబ్బాయి అడ్డుపడ్డాడు. 'మనం నక్షత్రాల నుంచి వచ్చాం, నక్షత్రాల్లోనే కలుస్తాం అని రాయించు నాన్నా, అదే సైన్సు' అంటాడు. ఏది సబబండీ?

జవాబు (విజయవాడ): పాత మాటే రాయించండి మాస్టారూ. 'పంచత్వం పొందడం' అంటే చనిపోవడమనే అర్థం సంస్కృతం నుంచే ఉంది. 'భూతం' అంటే ఏర్పడినది. కెమిస్ట్రీలో మనం చెప్పుకునే మూలకం వేరు. నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం, వీటిలో ఏ ఒక్కటీ మూలకం కాదు. ఆ రెంటినీ కలిపితేనే చిక్కు.

కృష్ణ ఒడ్డున చితి ఆరాక చూడండి. ఒంట్లో నీరు ఆవిరైపోతుంది, కార్బన్ బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. మనం ఏరి నదిలో కలిపే అస్థికల్లో ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫరస్ ఉంటాయి. మాట అక్షరాలా నిజమే కదా!

మీ అబ్బాయి ఆరాటం కూడా నాకు చాలా నచ్చింది. మన బరువులో సుమారు 18 శాతం కార్బన్. అది తయారవ్వాలంటే నక్షత్రం కడుపులో పది కోట్ల డిగ్రీల వేడి దగ్గర మూడు హీలియం కేంద్రకాలు ఒకటవ్వాలి. అది కుదరాలంటే కార్బన్ కేంద్రకానికి ఫలానా శక్తిస్థాయి (కేంద్రకం ఉండగలిగే ఒక నిర్దిష్ట శక్తి మెట్టు) ఉండి తీరాలని 1953లో బ్రిటన్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పట్టుబట్టారు. కాలిఫోర్నియాలో ప్రయోగం చేసి చూస్తే నిజంగానే ఉంది! తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆక్సిజన్, కాల్షియం, మన రక్తంలో ఇనుము కూడా నక్షత్రాల్లోనో, అవి పేలినప్పుడో పుట్టినవే.

కానీ హైడ్రోజన్ అలా కాదు. అది దాదాపు 1380 కోట్ల ఏళ్ల నాటి బిగ్ బ్యాంగ్‌లోనే, అంటే విశ్వం మొదలైనప్పుడే వచ్చింది, అప్పటికి ఒక్క నక్షత్రమూ లేదు. పరమాణువుల లెక్కన మన ఒంట్లో సగానికి పైగా అదే. కాబట్టి 'నక్షత్రాల నుంచి వచ్చాం' అన్నది పూర్తి నిజం కాదు.

ప్రశ్న: మరి 'లీనమయ్యారు' అంటే ఇంకా గౌరవంగా ఉంటుందేమో?

జవాబు: వద్దండీ. లీనమవడంలో ఉనికే లేకుండా పోవడమన్న ధ్వని ఉంది. మంట పరమాణువుల పొందికను మారుస్తుంది గానీ ఆ కార్బన్ కార్బన్‌గానే ఉంటుంది, కాల్షియం కాల్షియంగానే ఉంటుంది. 'కలిసిపోయారు' అనే ఉంచండి.