జాంగో ఫారంలో ‘కమల’ పాస్ అవుతోంది, ‘లక్ష్మి’ ఫెయిల్ అవుతోంది

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి రైతుల వివరాలు నమోదు చేసుకునే చిన్న వెబ్ అప్లికేషన్ చేస్తున్నా. జాంగో 4.2 (పైథాన్‌లో వెబ్‌సైట్లు చేసే ఫ్రేమ్‌వర్క్), పైథాన్ 3.11. రైతులు ఫోన్‌లోనే తెలుగులో పేరు టైప్ చేస్తారు. పేరు ఫీల్డ్‌కి రీజెక్స్ వాలిడేటర్ (రాసింది ఒక ప్యాటర్న్‌కి సరిపోతుందో లేదో చూసే తనిఖీ) పెట్టి, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w, అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్), స్పేస్ మాత్రమే అనుమతించాను.

కమల, అమల లాంటి పేర్లు సాఫీగా వెళ్తున్నాయి, కానీ లక్ష్మి, ఎల్లయ్య, సైదులు అని కొడితే చాలు ‘సరైన పేరు ఇవ్వండి’ అని ఎర్రగా వస్తోంది. పేరు సరిగ్గానే రాసిన మనిషికి నీ పేరు తప్పు అని చూపించడం నాకు అస్సలు నచ్చడం లేదు. గుణింతం గుర్తుగానీ పొల్లుగానీ (వత్తు లోపల దాగినదైనా) ఉన్న పేర్లే ఆగుతున్నాయి, అంటే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాటిని అక్షరాలుగా లెక్కపెట్టడం లేదు, అంతవరకు అర్థమైంది.

యూనికోడ్ ఫ్లాగ్ పెట్టి చూశా, ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని వేర్వేరు కోడ్‌లతో రాసినా ఒకే రూపానికి తేవడం) చేసి చూశా, మార్పు లేదు. తర్వాత తెలుగు యూనికోడ్ బ్లాక్ (తెలుగు గుర్తులకు కేటాయించిన కోడ్‌ల వరుస) మొత్తాన్ని రేంజ్‌గా ఇస్తే లక్ష్మి, ఎల్లయ్య పాస్ అయ్యాయి గానీ ౧౨౩ లాంటి తెలుగు అంకెలు కూడా లోపలికి వచ్చేస్తున్నాయి. పైగా ‘రాజ్‌కుమార్’లో జ్ తర్వాత కీబోర్డు పెట్టే కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం వత్తుగా కలిసిపోకుండా ఆపే గుర్తు) ఆ బ్లాక్‌లో లేదు కాబట్టి అది మళ్లీ ఫెయిల్. బ్రౌజర్‌లో ప్యాటర్న్ చెక్ ప్రస్తుతానికి తీసేశా, ఎర్రర్ సర్వర్ నుంచే వస్తోంది.

తెలుగు అక్షరాలు, గుణింతాలు, పొల్లు, ఆ నాన్ జాయినర్ అన్నీ ఒప్పుకుని అంకెల్ని మాత్రం ఆపేలా, పైథాన్‌లోనూ బ్రౌజర్‌లోనూ ఒకేలా పనిచేసే ప్యాటర్న్ ఎలా రాయాలి?