రద్దీని దేనితో కొలవాలి: బండ్ల వేగంతోనా, మనుషుల సమయంతోనా?

ప్రగతినగర్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ వైపు వెళ్ళే దారుల మీద మైండ్‌స్పేస్ అండర్‌పాస్, బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్లు, 2020లో దుర్గం చెరువు తీగల వంతెన, 2023 జనవరిలో కొత్తగూడ ఫ్లైఓవర్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అయినా సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు రద్దీ తగ్గలేదు. ఒక కూడలి దగ్గర తీరి తర్వాతి కూడలి దగ్గర తేలుతోంది. లోపం కట్టడాల్లో ఉందని నేను అనను, కొలతలో ఉంది. కారు ఎంత వేగంగా కదిలిందన్నదే చూసేవారికి కారుకు దారి విడిచే పనులు తప్ప మరేవీ తోచవు. వాహనాలను కాదు, మనుషులను తరలించాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. కాబట్టి రద్దీని ఇకమీదట మనుషులు పోగొట్టుకున్న నిమిషాలతోనే కొలవాలన్నది నా ప్రతిపాదన. కాదనేవారు కారణాలతో రాయగలరు.

రోడ్డు లెక్కలు

ట్రాఫిక్ సర్వేలలో చాలాకాలం పనిచేసినవాడిగా మీతో కొంత ఏకీభవిస్తాను, కొంత ఏకీభవించలేను. ముందుగా ఇప్పుడు జరుగుతున్నదేమిటో చెప్పుకోవాలి. కూడలి దగ్గరో, నగరాన్ని రెండుగా చీల్చే ఒక గీత మీదనో (మనకు మూసీ నది అలాంటి సహజమైన గీత, వంతెనల దగ్గర నిలబడి లెక్కిస్తే ఇటునుంచి అటు దాటే బండ్లన్నీ దొరుకుతాయి) వాహనాలను రకాలవారీగా లెక్కపెట్టి, అన్నిటినీ కార్లలోకి మారుస్తారు. ఈ మారకానికి పీసీయూ అని పేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి పట్టణ రహదారుల మార్గదర్శకం ప్రకారం, మొత్తం బండ్లలో ఆ రకం వాటా పది శాతమో అంతకు మించో ఉన్నప్పుడు, ద్విచక్ర వాహనం 0.75 కారుతోనూ, బస్సు 3.7 కార్లతోనూ సమానం. వచ్చిన మొత్తాన్ని రోడ్డు గరిష్ఠ సామర్థ్యంతో భాగిస్తారు. ఆ నిష్పత్తి 0.7 దాకా ఉంటే రోడ్డు తన పని తాను చేస్తున్నట్టు, ఒకటికి చేరువైతే రద్దీ ముదిరినట్టు.

ఇందులో ఒక చిక్కుంది, తొలి సర్వేలో నేనూ దానికి దొరికిపోయాను. బండ్లు పూర్తిగా నిలిచిపోయిన గంటలో దాటినవే తక్కువ కనుక లెక్కలోకి వచ్చే సంఖ్యా తక్కువగానే ఉంటుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదా అదే సంఖ్య రావచ్చు. అందుకే లెక్క ఒక్కటే చూసి రద్దీని తేల్చకూడదు. బండ్ల వరుస ఎంత దూరం సాగిందో చూడాలి, ఆ ప్రవాహంలో ఒక కారును నడిపించి ప్రయాణ సమయం రాసుకోవాలి. ఇప్పుడైతే ఫోన్ల నుంచి వచ్చే సమాచారంతో ప్రతి రోడ్డు ముక్క మీదా వేగం తెలుసుకోవచ్చు. ఆ వేగమే తెలియకపోతే మీరు చెప్పే మనుషుల నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రగతినగర్ వాసి

వేగం కొలవవద్దని నేను అనలేదు. మీరిచ్చిన అంకెలనే తీసుకుందాం. బస్సును 3.7 కార్లుగా కడుతున్నారు. అందులో అరవై మంది ఉంటే ఒక్కో కారు జాగాకు పదహారు మంది పడతారు. పక్కనున్న కారులో తరచుగా ఒక్కరే ఉంటారు. మీ నిష్పత్తికి ఈ పదహారు మందికీ ఆ ఒక్కరికీ తేడా తెలియదు. ఒక బస్సును తీసేసి మూడు కార్లను చేర్చితే, మీ కాగితం మీద రోడ్డు మెరుగుపడినట్టే కదా!

ఇర్వింగ్ తెలుగు

డల్లాస్ పక్కన ఉంటున్నాను కనుక ఇక్కడి పద్ధతి చెబుతాను. అమెరికాలో రెండు లక్షలకు మించి జనాభా ఉన్న ప్రతి పట్టణ ప్రాంతానికీ రద్దీ నిర్వహణ ప్రక్రియ ఒకటి ఉండి తీరాలని ఫెడరల్ నిబంధన. మా దగ్గర ఆ బాధ్యత నార్త్ సెంట్రల్ టెక్సాస్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్‌ది. ఈ ప్రాంతపు గాలిలో ఓజోన్ పరిమితికి మించి ఉన్నందున, ఒంటరిగా నడిపే కార్లకు చెప్పుకోదగ్గంత కొత్త జాగా ఇచ్చే రోడ్డు పని ఏదైనా ఈ ప్రక్రియ గుండా వస్తేనే ఫెడరల్ నిధులు అందుతాయి. ప్రయాణాల గిరాకీ తగ్గించడం, ఉన్న రోడ్డునే మెరుగ్గా నడపడం వంటి మార్గాలను ముందు పరిశీలించి చూపాలి.

కొలతల్లో వేగంతో పాటు నమ్మకం కూడా ఉంది. ఒకే దారిలో అనేక రోజుల ప్రయాణ సమయాలను పేర్చి, మామూలు రోజు నలభై నిమిషాలు పట్టే దారి ప్రతి ఐదు రోజుల్లో ఒకరోజు అరవై దాటుతుంటే, ఆ దారి నమ్మదగినది కాదని రాస్తారు. ఇంత చేసినా రోడ్ల వెడల్పు ఆగిందనుకోకండి. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 2008 నాటికి భారీగా వెడల్పు చేశారు. కొన్నేళ్ళకే రద్దీ వేళల ప్రయాణ సమయాలు మళ్ళీ పెరిగాయి. డల్లాస్‌లో ఎల్‌బీజే రహదారిని తిరగ్గట్టినప్పుడు మాత్రం, రద్దీని బట్టి టోలు మారే వరుసలను కలిపి 2015లో తెరిచారు. (నేనూ కారులో ఒంటరిగానే వెళ్తాను, ఆ మాట దాచను.)

సాయంత్రపు బస్సు

టోలు వరుసల సంగతి ఇప్పుడు వద్దు. మనుషుల నిమిషాలు లెక్కించాలన్నవారిని ఒకటి అడుగుతాను. బస్సు లోపలివారిని మీరు లెక్కిస్తారు, సరే. నిండిన బస్సు ఆగకుండా పోతే స్టాపులో మిగిలిపోయినవాళ్ళు ఏ పద్దులోకి వస్తారు? వాళ్ళు రోడ్డు మీద లేరు, బండిలో లేరు, ఫోన్ వేగాల్లో కనిపించరు. రెండు బస్సులు పోయాక ఆటో ఎక్కితే అప్పుడు మాత్రం రద్దీ పెంచినవాళ్ళుగా మీ పట్టికలోకి వస్తారు.

రోడ్డు లెక్కలు

బస్సునూ మూడు కార్లనూ పోల్చిన లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఆ మేరకు ప్రగతినగర్ వాసి గారి మాటే సరి. అయితే మనుషుల నిమిషాలు ఒక్కటే పెట్టుకుంటే, ఇద్దరితో వెళ్ళే సరుకుల లారీ, ఒక్కడే నడిపే డెలివరీ బండి లెక్కలో తేలిపోతాయి. నగరానికి అవీ కావాలి. రోజూ వచ్చే రద్దీనీ, వాననీరు నిలిచి, బండి చెడిపోయి, రోడ్డు తవ్వి వచ్చే రద్దీనీ ఒకే గాటన కట్టకూడదన్నది మరో మాట. అమెరికా ఫెడరల్ హైవే విభాగం అంచనాలో దాదాపు సగం రద్దీ ఈ రెండో రకానిది. దానికి ఫ్లైఓవర్ మందు కాదు. 2023 జూలై వానల్లో ఐటీ సంస్థలు ఉద్యోగులను దఫాలవారీగా ఇళ్ళకు పంపాలని సైబరాబాద్ పోలీసులు కోరినప్పుడు దానికి సిమెంటు అవసరం పడలేదు.

సాయంత్రపు బస్సు గారి ప్రశ్న అన్నిటికంటే గట్టిది. దానికి పద్ధతి లేకపోలేదు: స్టాపులో ఒకరిని నిలబెట్టి, ప్రతి బస్సూ వచ్చిన సమయం, దిగినవారు, ఎక్కినవారు, ఎక్కలేక మిగిలినవారు రాయిస్తే నిరీక్షణ నిమిషాలు లెక్కకు వస్తాయి. కష్టమల్లా ఆ అంకెలను ఒకచోట చేర్చడమే. వాహనాల లెక్కలు ఒకరి దగ్గర, సిగ్నళ్ళు పోలీసుల దగ్గర, టికెట్ల వివరాలు బస్సు, మెట్రోలవారి దగ్గర విడివిడిగా ఉన్నంతకాలం ఎవరి అంకె వారికే సరిగ్గా కనిపిస్తుంది. 2006 విధానం ఏకీకృత రవాణా సంస్థను సూచించింది కూడా ఇందుకే.

ప్రగతినగర్ వాసి

లారీ సంగతి ఒప్పుకుంటాను. సరుకుకు వేరే పద్దు ఉండాలి. స్టాపులో మిగిలినవారిని నా ప్రతిపాదనలో నేను మరిచిపోయాను, వారి నిరీక్షణను బస్సులోవారి ఆలస్యంతో కలిపే చూపాలి. అయితే రెండు బస్సులు పోయాక విసిగి ఇంటికి వెనుదిరిగినవారిని ఎలా పట్టుకుంటారు?

రోడ్డు లెక్కలు

స్టాపులో పట్టుకోలేము. ఇంటింటి సర్వేలో, నిన్న మీరు వెళ్ళదలచి వెళ్ళని చోటు ఏదైనా ఉందా అని అడగాలి. నేను పట్టుకు తిరిగిన ఫారాల్లో ఆ గడి ఉండేది కాదు.