హైదరాబాద్‌లో ఉంటూ స్కూబా ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే సముద్రానికి వెళ్లకముందు ఏమేం పూర్తి చేసుకోవచ్చు?

కొండాపూర్_డైవర్ (ప్రశ్న)

నమస్కారం అండీ. వయసు 27. స్కూబా శిక్షణ సంస్థ పాడీ వారి అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కోర్సు అయింది, లాగ్‌బుక్‌లో 31 డైవ్‌లున్నాయి. ఏడాదిన్నరలో ఇన్‌స్ట్రక్టర్ కావాలని గట్టిగా అనుకుంటున్నాను. ఉద్యోగం ఇక్కడే కాబట్టి సెలవులు రెండు మూడు విడతలుగానే దొరుకుతాయి. అందుకే అడుగుతున్నాను: హైదరాబాద్‌లో ఉండి ఎంతవరకు సిద్ధం కావచ్చు? "మొదటి నుంచి ఇన్‌స్ట్రక్టర్ దాకా" అని అమ్మే ప్యాకేజీలు తీసుకోవచ్చా? పరీక్షలో ఎక్కువ మంది ఎక్కడ తడబడతారు? ఇంకొకటి, చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఇప్పుడు మందులేమీ వాడడం లేదు. అది అడ్డమవుతుందా?

తీరంగాలి

ముందు మీ ఆఖరి ప్రశ్న. ఎవరికైనా అడ్వాన్స్ కట్టకముందే తేల్చుకోవాల్సింది అదే. డైవ్‌మాస్టర్ (ఇన్‌స్ట్రక్టర్‌కు కింది మెట్టు) నుంచి పైకి వెళ్లే కోర్సులకు గత 12 నెలల్లో డాక్టర్ సంతకం చేసిన మెడికల్ ఫారం కావాలి. ప్రశ్నలన్నిటికీ "లేదు" అని రాసినా సంతకం తప్పదు. ఉబ్బసం సంగతి దాచకండి. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. గాలిగొట్టాలు బిగుసుకుని ఉంటే దానికి బయటికి దారి దొరకదు, ఊపిరితిత్తి చిరిగి గాలి నెత్తుట్లోకి చేరే ప్రమాదం ఉంది. ముందు పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గర స్పైరోమెట్రీ, అంటే ఊదించి చేసే ఊపిరితిత్తుల పరీక్ష, చేయించుకోండి. ఆయన అవసరమంటే వ్యాయామం తర్వాత మరోసారి. ఆ రిపోర్టులు పట్టుకుని డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్ను కలవండి. చిన్నప్పుడు ఉండి పోయిన ఉబ్బసం అందరికీ అడ్డు కాదు, కానీ ఆ మాట చెప్పాల్సింది డాక్టరే.

ఇక మెట్లు. పాడీ దారిలో మీకు తర్వాతిది రెస్క్యూ డైవర్, దానితోపాటు ప్రథమ చికిత్స, సీపీఆర్. డైవ్‌మాస్టర్ మొదలుపెట్టడానికి 18 ఏళ్లు, 40 డైవ్‌లు. పూర్తి కావడానికి 60. ఇన్‌స్ట్రక్టర్ కోర్సు అంటే ఐడీసీలో చేరడానికి డైవర్‌గా సర్టిఫై అయి ఆరు నెలలైనా గడవాలి, 60 డైవ్‌లుండాలి. చివరి పరీక్ష ఐఈకి కూర్చునేటప్పటికి 100. ఐడీసీ నడిపేది కోర్స్ డైరెక్టర్, ఐఈ పెట్టేది పాడీ పంపే ఎగ్జామినర్. నేర్పినవారే మార్కులు వెయ్యరు. ఎస్ఎస్ఐ అనే మరో శిక్షణ సంస్థలో కోర్సు పేర్లు వేరు. ఇన్‌స్ట్రక్టర్ స్థాయికి ఐఎస్ఓ 24802 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది కాబట్టి సంస్థ పేరు కన్నా నేర్పే మనిషిని చూసి ఎంచుకోండి.

ప్యాకేజీల విషయంలో నా అభ్యంతరం డైవ్‌ల నాణ్యత మీదే. వంద డైవ్‌లూ ఒకే రీఫ్ మీద, అదే 12 మీటర్లలో, తేటనీళ్లలో చేస్తే అంకె నిండుతుంది, అనుభవం నిండదు. మీకు ఇంకా 69 కావాలి. వాటిలో కొన్ని ప్రవాహంలో, కొన్ని మసక నీళ్లలో, కొన్ని రాత్రిపూట, కొన్ని 30 మీటర్ల దగ్గర పడేలా చూసుకోండి. ఒక విడత అండమాన్‌లో హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్), ఒక విడత మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, ఒకటి పుదుచ్చేరి అనుకుంటే మూడు రకాల నీళ్లు చూసినట్టవుతుంది. వానాకాలంలో పడమటి తీరంలో బోట్లు ఆగిపోతాయి, సెలవు ఆ నెలల్లో పెట్టుకోకండి.

డబ్బు దగ్గర ఒక్క మాట: ఐడీసీ ఫీజు, ఐఈ ఫీజు, మెటీరియల్స్, ప్రథమ చికిత్స ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, ఇన్‌స్ట్రక్టర్‌గా నమోదు రుసుము, ఇన్సూరెన్స్ అన్నీ విడివిడి పద్దులు. "అన్నీ కలిపే" అన్నా, ఏవేవి కలిపారో రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా బయట మిగిలిపోయేవి ఐఈ ఫీజు, నమోదు రుసుము.

పాతబస్తీ_ఫిన్స్

అన్నా, హైదరాబాద్‌ల సముద్రం లేదు గని ఈత కొలను ఉంది కదా. సగం పని ఆడనే అయితది.

డైవ్‌మాస్టర్ల ఈత పరీక్షలు నాలుగు. 400 మీటర్లు ఆగకుండ ఈదాలె, గాగుల్స్ తప్ప ఏ సాయం ఉండది. 800 మీటర్లు మాస్క్, స్నార్కెల్ (నోట్ల పెట్టుకునే గాలి గొట్టం), ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) తోటి, మొఖం నీళ్లల్ల పెట్టి, చేతులు వాడకుండ. అలసిన డైవర్‌ను 100 మీటర్లు గుంజుకపోవాలె, ఇద్దరి మీద పూర్తి గేర్ ఉంటది. 15 నిమిషాలు నీళ్లల్ల తేలాలె, ఆఖరి 2 నిమిషాలు చేతులు బయట. ఒక్కోదానికి 5 లోపల మార్కులు. 400 మీటర్లకు 11 నిమిషాలు దాటితే 3 మార్కులు రావు. గచ్చిబౌలి స్టేడియంల 50 మీటర్ల కొలను ఉంది, ఎనిమిది లెంతులు. మొదటి రెండు లెంతులు ఉరికినట్టు ఈది ఐదో లెంతుల ఆగిపోయేటోళ్లే ఎక్కువ. ప్రతి లెంతు టైం రాసుకో, మొదటిదానికి ఆఖరిదానికి ఐదారు సెకన్ల కంటే ఎక్కువ తేడా రావద్దు.

800 మీటర్లల మనిషి ఆగేది ఊపిరి చాలక కాదు, పిక్కలు పట్టుకుని. ఫిన్ కొట్టేటప్పుడు మోకాలు మడవకుండ తొడ నుంచి కొట్టాలె. వారానికి రెండుసార్లు, నెలన్నర చేస్తే పిక్కలు అలవాటు పడ్తయి.

ఇంకొకటి: మాస్క్ తీసేసి, స్నార్కెల్ నోట్ల పెట్టుకోని, మొఖం నీళ్లల్ల పెట్టి రెండు మూడు నిమిషాలు మెల్లగ ఊపిరి పీల్చుడు. ముక్కుల నీళ్లు తగులుతుంటె నోటితోటే పీల్చుడు అలవాటు గావాలె. రేపు నీ స్టూడెంట్ కాలు తగిలి నీ మాస్క్ ఊడిపోయినా, నీ చూపు ఆయన మీదనే ఉండాలె.

గని ఊపిరి బిగబట్టి నీళ్ల కింద లెంతులు కొట్టుడు ఒక్కనివే అస్సలు చెయ్యకు. ముందు గబగబ ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న తొందర రాకముందే సోయి తప్పుతది.

కొండాపూర్_డైవర్

ఇద్దరికీ చాలా థాంక్స్. పల్మనాలజిస్టు అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకుంటాను. థియరీ గురించి కూడా చెప్పండి. నేను చదివింది కామర్స్, ఫిజిక్స్ వదిలేసి పన్నెండేళ్లయింది.

లోతు_లెక్క

థియరీలో ఐదు భాగాలు: ఫిజిక్స్, ఫిజియాలజీ, పరికరాలు, నైపుణ్యాలు–పరిసరాలు, డీకంప్రెషన్ టేబుల్ (ఏ లోతులో ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెప్పే పట్టిక). ఐఈలో ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి. నిబంధనల పరీక్ష వేరే, అది మాన్యువల్ చూసి రాసేది. చూసి రాయొచ్చు కదా అని మాన్యువల్ తెరవకుండా వెళ్తే పేజీలు వెతకడంలోనే టైం అయిపోతుంది.

ఫిజిక్స్‌కు పదో తరగతి లెక్కలు చాలు. తప్పులు వచ్చేది మూడు చోట్ల.

మొదటిది పీడనం. 20 మీటర్లలో పీడనం 2 బార్ కాదు, 3. పైనున్న వాతావరణం 1, ప్రతి 10 మీటర్ల సముద్రపు నీటికి మరో 1. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 60 లీటర్లు కావాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంది, 50 బార్ మిగుల్చుకోవాలి అంటే వాడుకోగలిగింది 150 × 12 = 1800 లీటర్లు. 60తో భాగిస్తే 30 నిమిషాలు. పీడనం 2 అనుకున్నవాళ్లకు ఇదే లెక్క 45 నిమిషాలు వస్తుంది. నీళ్లలో అది మామూలు తప్పు కాదు.

రెండోది సంచిలో గాలి నింపి బరువు పైకి తేవడం. 150 కిలోల లంగరు 60 లీటర్ల నీటిని తొలగిస్తుంది అనుకోండి. సముద్రపు నీరు లీటరుకు 1.03 కిలో, కాబట్టి నీరు మోసేది 61.8 కిలోలు. మిగిలింది 88.2. ఇక్కడ ఆగిపోయి 88.2 లీటర్ల గాలి అని రాసేస్తారు. అది కిలోలు. లీటర్లు కావాలంటే మళ్లీ 1.03తో భాగించాలి, 85.6 వస్తుంది. మంచినీళ్లయితే ఈ తలనొప్పి లేదు, లీటరు అంటే కిలోనే.

మూడోది టేబుల్. 19 మీటర్లు దిగితే 18 గడి చూడకూడదు, 20 గడి చూడాలి. పాడీ టేబుల్‌లో 18కి 56 నిమిషాలు, 20కి 45. ఒక్క మీటరు తేడాకు 11 నిమిషాలు పోయాయని అనిపిస్తుంది, అయినా ఎప్పుడూ లోతు వైపే సవరించాలి. డైవ్ కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారు చాలామంది. కంప్యూటర్ ఎందుకు "ఇక చాలు" అంటోందో స్టూడెంట్‌కు చెప్పాల్సిన మనిషి మీరే కదండీ.

ప్రథమ చికిత్స ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకు నీళ్లతో పని లేదు. నేర్పేవారు ఇక్కడ దొరికితే నగరంలోనే ముగించండి. అది లేకుండా ఐఈ పాసైనా ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ చేతికి రాదు.

తీరంగాలి

పరీక్షలో తడబడేది ఎక్కడ అన్నదానికి నేను జవాబు ఇవ్వలేదు. ఈతలో కాదు, లెక్కల్లోనూ అంతగా కాదు. నేర్పే ప్రదర్శనల్లో.

ఎగ్జామినర్ ఎదుట తోటి అభ్యర్థులే స్టూడెంట్లుగా నటిస్తారు, కావాలనే తప్పులు చేస్తారు. మీరు ముందు చెప్పాలి, చేసి చూపాలి, చేయించాలి, తప్పు దొరకబట్టి సరిచేయాలి, చివర్లో మాట్లాడాలి. తప్పు కనిపెట్టకపోతే మార్కులు కుప్పకూలతాయి. కనబడకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ నిలబడ్డ చోటే. ఒకరి మాస్క్ క్లియరింగ్ (మాస్క్‌లో చేరిన నీళ్లు బయటికి ఊదడం) చూస్తూ మిగతా ఇద్దరికి వీపు పెడతారు. ముగ్గురూ కంటికి ఆనేలా, చేయి చాస్తే అందే దూరంలో ఉండాలి.

చేసి చూపించడం నిదానంగా, ఒక్కో కదలికనూ విడదీసి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలి నోటికి అందించే పరికరం) నోట్లోంచి తీసినంతసేపూ సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. ఊపిరి బిగబట్టకూడదన్న పాఠం స్టూడెంట్ నేర్చుకునేది ఆ బుడగలు చూసే. మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పే పద్ధతి తగ్గుతోంది, తేలుతూనే చూపడం సాధన చేయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది సెసా, అంటే గాలి అయిపోయినప్పుడు ఊపిరి వదులుతూ ఒక్క దమ్ములో పైకి ఈదడం. 6 నుంచి 9 మీటర్ల లోతు నుంచి, తాడు వెంట, ఒక్కసారికి ఒక్క స్టూడెంట్. మీ ఒక చేయి స్టూడెంట్ బీసీడీ (గాలి నింపుకుని తేలే జాకెట్) మీద, రెండోది తాడు మీద. నిమిషానికి 18 మీటర్లు మించకూడదు. స్టూడెంట్ "ఆ..." అనడం ఆపిన క్షణంలో తాడు బిగించి ఆపేయాలి. వదిలేస్తే ఊపిరితిత్తి దెబ్బతింటుంది. ఐడీసీలో దీన్ని ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు అడిగి చేయండి.

మనవాళ్లకు నేర్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: బొటనవేలు పైకెత్తితే నీళ్లలో "పైకి పోదాం" అని అర్థం. బాగుంది అనుకుని అందరూ అదే చూపిస్తారు. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలిపితేనే "బాగున్నాను". దిగకముందు ఇది పదిసార్లు చేయించండి.

పాతబస్తీ_ఫిన్స్

బరువుల ముచ్చట మర్చిపోయినం. మునగనీకి నడుముకు కట్టుకునే సీసం కొలనుల సరిపోయినంత సముద్రంల సరిపోది. ఉప్పునీళ్లు ఎక్కువ తేలగొడ్తయి, మనిషిని బట్టి 2–3 కిలోలు కలపాలె. నిండు సిలిండర్ తోటి చూసుకుంటే ఇంకో 2 కిలోలు, ఎందుకంటే సిలిండర్‌ల గాలి అయిపోతున్నకొద్ది అది తేలికయితది. ఖాళీ బీసీడీ తోటి, మామూలు ఊపిరి తీసుకోని పట్టి ఉంటే నీళ్లు కండ్ల దాక రావాలె.

కొండాపూర్_డైవర్

ఇంకొక్కటి అడుగుతాను. సెలవు తక్కువ కాబట్టి చివరి రోజు పొద్దున డైవ్ చేసి అదే సాయంత్రం ఫ్లైట్ ఎక్కొచ్చా?

లోతు_లెక్క

వద్దు. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్, ఎత్తుకు పోయి పీడనం తగ్గితే బుడగలు కట్టొచ్చు; అందుకే వరసగా రోజుల తరబడి డైవ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. ఒక్క డైవే అయితే 12. డీకంప్రెషన్ స్టాప్‌లు (పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగడాలు) పడిన డైవ్ ఉంటే 18 కన్నా చాలా ఎక్కువ, 24 దాటించడం మేలు. చివరి డైవ్ నుంచి మధ్యాహ్నం 12కి బయటికొస్తే మర్నాడు పొద్దున 6 తర్వాతి ఫ్లైటే బుక్ చేయండి. నేత్రాణి నుంచి రాత్రి బస్సులో వచ్చినా అదే జాగ్రత్త. మురుడేశ్వర్ సముద్రమట్టం దగ్గర ఉంది, కనుమలెక్కి హుబ్బళ్లి చేరేసరికి 600 మీటర్లు దాటతారు. ఆ పూటకి డైవ్ మానేసి పరికరాలు మంచినీళ్లలో కడిగి ఆరబెట్టుకోండి. తడి గేర్ బ్యాగులో మూటకట్టి తెస్తే రెగ్యులేటర్‌లో ఉప్పు గడ్డకడుతుంది.