రష్యన్ వచ్చినా దూమా వార్త అర్థం కావడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
రష్యన్ బీ1 (మధ్య స్థాయి) దాకా వచ్చింది. పాఠ్యపుస్తకం సాఫీగానే సాగుతోంది కానీ దూమా (రష్యా పార్లమెంటు దిగువ సభ) గురించిన రాజకీయ వార్త తెరిస్తే రెండో వాక్యానికే బండి ఆగిపోతోంది. ముందు పత్రికలా, చట్టాలా?

జవాబు 1:
పత్రికలు తర్వాత. ఒక బిల్లు పట్టుకుని చివరిదాకా దాని వెంట వెళ్లండి. దూమా సైటులో ప్రతి బిల్లుకూ ఒక పేజీ ఉంటుంది. బిల్లు పాఠం జోలికి వెళ్లకుండా ముందు ‘పయస్నీతెల్నయ జపీస్క’ చదవండి. బిల్లు ఎందుకు తెస్తున్నారో చెప్పే వివరణ పత్రం అది. చాలా బిల్లులు పాత చట్టానికి సవరణలే, వాటి నిండా ‘ఫలానా పదాల బదులు ఫలానా పదాలు’ అన్న వరసే. నేరుగా ఆ పాఠమే చదివితే ఏమీ బోధపడదు.

తర్వాత మూడు ‘చ్తేనియె’లు (పఠనాలు), ఆపై ఫెడరేషన్ కౌన్సిల్ (ఎగువ సభ), అధ్యక్షుడి సంతకం. దూమా చేసేది ‘ప్రిన్యాత్’, కౌన్సిల్ చేసేది ‘అదోబ్రిత్’. తెలుగులో రెంటినీ ‘ఆమోదించు’ అనేస్తాం, అక్కడ మాత్రం మామూలు ఫెడరల్ చట్టాల్లో ఒకదాని చోట ఇంకోటి రాయరు. అలాంటి ఏ చట్టం తలభాగంలోనైనా ఈ జంట కనిపిస్తుంది.

జవాబు 2:
పై మాటకు తోడు: ‘ప్రవీతెల్‌స్త్వ’ను ‘ప్రభుత్వం’ అని కళ్లు మూసుకుని రాసుకోకండి. అది ప్రధాని నడిపే మంత్రివర్గం మాత్రమే, అధ్యక్షుడి కార్యాలయం వేరు. మనం ‘సర్కారు’ అనే అర్థానికి దగ్గరిది ‘వ్లాస్త్’. ‘ఉకాజ్’ (ఉత్తర్వు) అధ్యక్షుడిది. ‘పస్తనవ్లేనియె’ (తీర్మానం లేదా ఆదేశం) మంత్రివర్గమూ ఇస్తుంది, దూమా కూడా ఇస్తుంది, కాబట్టి ఎవరు ఇచ్చారో చూడనిదే అర్థం తేలదు.

ప్రశ్న అడిగినవారు:
పదాలు సరే. వాక్యంలో ఎవరు ఏం చేశారో కూడా తికమకగా ఉంది.

జవాబు 3:
‘జకోన్ ప్రిన్యలా దూమ’ (చట్టాన్ని దూమా ఆమోదించింది) చూడండి. చట్టం ముందుంది, కర్త కాదు. ప్రాణం లేని పుంలింగ నామానికి ద్వితీయలో రూపం మారదు. మనం ‘చట్టం ఆమోదించింది’ అంటూ ‘ని’ వదిలేసినట్టే. క్రియ చివరి ‘లా’ స్త్రీలింగం, అది దూమాతోనే కలుస్తుంది. ముందు క్రియ తోక చూడండి, పేర్లు తర్వాత. అదే ‘ప్రినిమాల’ (అసంపూర్ణ క్రియారూపం) అని ఉంటే పని పూర్తయిందని అనుకోవద్దు.

ఇక అధికార భాషకు ఒక ముసుగు కూడా ఉంటుంది. పేలుడును ‘హ్లపోక్’ (చప్పుడు) అంటారు. ఆర్థిక క్షీణతను ‘అత్రిత్సాతెల్నియ్ రోస్త్’ అంటారు, మాటకు మాట అయితే ‘ప్రతికూల వృద్ధి’. 2022 నుంచి ఉక్రెయిన్‌పై యుద్ధానికి అధికారిక పేరు ‘ప్రత్యేక సైనిక చర్య’. ఒకే సంఘటనను క్రెమ్లిన్ సైటులోనూ, దేశం బయటి నుంచి నడిచే రష్యన్ పత్రికలోనూ పక్కపక్కన పెట్టి చదివితే ఏ పదం ఎవరిదో తెలిసిపోతుంది.